బెజవాడ నుంచి అండమాన్ డైవింగ్: బస, బోటు, లాగ్‌బుక్ సాఫ్ట్‌వేర్

బెజవాడ, గుంటూరు వాళ్లం స్కూబా డైవింగ్ చెయ్యాలంటే ఊరు దాటక తప్పదు. మంగినపూడి, సూర్యలంక దగ్గరే గానీ ఆ బురద నీళ్లలో దిగి చూసేదేమీ ఉండదు. రత్నాచల్ ఎక్కితే విశాఖ, పినాకిని ఎక్కితే చెన్నై మీదుగా పుదుచ్చేరి, ఇంకాస్త ఖర్చు పెట్టుకోగలిగితే చెన్నైలో విమానం పట్టుకుని అండమాన్. మూడు చోట్లకీ వెళ్లొచ్చాక బస గురించి, డైవ్ సెంటర్ల గురించి నా అభిప్రాయాలు చాలా మారాయి. లాగ్‌బుక్ గురించి మాత్రం ఒకటే గట్టిపడింది: ప్రతి డైవ్ వివరమూ రాసి ఉండాలి, ఆ ఫైలు నా దగ్గరే ఉండాలి.

విశాఖ గురించి ఎక్కువ చెప్పను. రుషికొండ వైపు డైవ్‌లు కొత్తవాళ్లకి భయం పోవడానికి బాగుంటాయి. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి అక్కడ ఉంటాం. నీళ్లు ఎంత తేటగా ఉంటాయన్నది ఆ రోజు అదృష్టం. పుదుచ్చేరిలో టెంపుల్ రీఫ్ అని సముద్రం అడుగున మనుషులు కట్టిన కృత్రిమ రీఫ్ (చేపలు చేరే దిబ్బ) ఉంది. 2013లో మొదలుపెట్టారు, లోతు సుమారు 18 మీటర్లు. చేపలు గుంపులు గుంపులుగా చేరతాయి. బస, తిండి, నెట్ దేనికీ లోటు లేదు. రెండు రోజులు సెలవు దొరికితే నేను ఇటే వెళ్తాను.

అండమాన్ సంగతి వేరు. అక్టోబరు నుంచి మే మొదటి వారాల దాకా సీజన్. పోర్ట్ బ్లెయిర్‌లో దిగగానే అబర్డీన్ బజారులో తెలుగు వినపడుతుంది, ప్రాణం కుదుటపడుతుంది. ఈ ఊరి పేరు 2024లో శ్రీ విజయపురం అయింది, డైవింగ్ జరిగే హేవ్‌లాక్ దీవి అంతకుముందే 2018లో స్వరాజ్ ద్వీప్ అయింది. టికెట్లు బుక్ చేసేటప్పుడు రెండు పేర్లతోనూ వెతకండి.

హేవ్‌లాక్‌లో బస ఎక్కడన్నది అసలు ప్రశ్న. అందరూ ఫొటోల్లో చూసే రాధానగర్ బీచ్ దీవికి పడమటి పక్కన ఉంది. సాయంత్రాలు అక్కడ గడపాల్సిందే, సందేహం లేదు. కానీ డైవ్ సెంటర్లు, బోట్లు ఎక్కువగా తూర్పు ఒడ్డున ఉంటాయి. తెల్లారకముందే సామాను సర్దుకుని దీవికి ఈ చివర నుంచి ఆ చివరకి పరుగెత్తడం ఎందుకు? డైవింగ్ కోసమే వెళ్తే 5వ నంబరు అనే విజయనగర్ బీచ్ దగ్గర దిగండి. అక్కడ కూడా అద్దె కంటే ముందు రెండు ప్రశ్నలు అడగండి: గదిలో ప్లగ్ పాయింట్లు ఎన్ని, కరెంటు పోతే జనరేటర్ ఉందా. మేము దిగిన గుడిసెలో ఉన్నది ఒక్క ప్లగ్ పాయింట్. టార్చి, కెమెరా, ఫోన్లు, ల్యాప్‌టాప్ అన్నీ దానికే వరసకట్టాలి. వరండాలో బల్ల, బట్టలారేసే తాడు, వంగిన కొబ్బరిచెట్లు మాత్రం చాలా నచ్చాయి.

డైవ్ సెంటర్‌ని నేను బోటు చూసి కాదు, బ్రీఫింగ్ చూసి కొలుస్తాను. నీళ్లలోకి దిగేముందు సిలిండర్ ప్రెషర్ చూపించి, మునగడానికి ఎన్ని కిలోల బరువు పెట్టారో చెప్పి, పైకి వచ్చాక మిగిలిన గాలి రాసుకునే సెంటర్ మంచిది. ఒక చోట ఎన్ని కిలోలు పెట్టారో అడిగితే "సరిపోతుంది లెండి" అన్నారు. అది జవాబు కాదు. అల్యూమినియం సిలిండర్ గాలి తగ్గేకొద్దీ తేలికై పైకి లాగుతుంది. బరువు చాలకపోతే చివరి సేఫ్టీ స్టాప్‌లో, అంటే పైకి వచ్చేముందు కాసేపు ఆగే చోట, 5 మీటర్ల దగ్గర నిలబడలేం. పోయినసారి 3 మిల్లీమీటర్ల సూట్‌తో ఎంత బరువు సరిపోయిందో రాసి ఉంటే, ఈసారి మొదటి డైవ్‌కే ఆ టెన్షన్ ఉండదు.

ఇక సాఫ్ట్‌వేర్. నాతో వచ్చింది మా చిన్నాన్న కొడుకు. వాడి చేతికి బ్లూటూత్ ఉన్న షియర్‌వాటర్ పెరిగ్రిన్ డైవ్ కంప్యూటర్ (నీళ్లలో లోతు, సమయం నమోదు చేసే వాచీ లాంటిది), జేబులో ఐఫోన్. నాది కేబుల్‌తో పనిచేసే సూంటో జూప్ నోవో, ఆండ్రాయిడ్ ఫోను, పాత విండోస్ ల్యాప్‌టాప్. "అన్నయ్యా, ఆ కేబుల్ గొడవ నాకు లేదుగా" అని వాడు ముందే ధీమాగా ఉన్నాడు. నిజమే, షియర్‌వాటర్ క్లౌడ్ యాప్ వాడి డైవ్‌లని నిమిషంలో లాగేసుకుంది, గ్రాఫు కూడా చక్కగా ఉంది. కానీ అందులో నా సూంటో ఎక్కదు. సూంటో యాప్‌లో వాడి పెరిగ్రిన్ ఎక్కదు. రేపు డైవ్ కంప్యూటర్ మారిస్తే లాగ్ రెండు ముక్కలవుతుంది. సూంటో వాళ్లే మూవ్స్‌కౌంట్ అనే సర్వీసుని మూసేసి అందరినీ కొత్త యాప్‌కి మారమన్నారు. కంపెనీ యాప్ మీదే ఆధారపడితే ఎవరికైనా ఇదే పరిస్థితి రావచ్చు.

మాక్‌డైవ్ చూడ్డానికి అందంగా ఉంటుంది, కానీ అది ఆపిల్ వాళ్లకే. డైవింగ్ లాగ్ అనే ప్రోగ్రామ్ విండోస్ వాళ్లకి బాగుంటుంది, పాతది, నమ్మకమైనది. డైవింగ్ నేర్పి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థలు పాడి, ఎస్‌ఎస్‌ఐల యాప్‌లలో సర్టిఫికెట్ కార్డు దగ్గర ఉంటుంది, చేత్తో డైవ్ నమోదు చేసుకోవచ్చు, అంతవరకు మంచివే.

నేను నిలబడింది సబ్‌సర్ఫేస్ అనే ప్రోగ్రామ్ దగ్గర. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ డైవర్ కూడా. తనకి కావలసినట్టు 2011లో దీన్ని మొదలుపెట్టాడు, తర్వాత బాధ్యత డర్క్ హోండెల్ తీసుకున్నాడు. ఓపెన్ సోర్స్, పైసా కట్టక్కర్లేదు, విండోస్, మాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది, ఫోన్లకి కూడా ఉంది. లోపల లిబ్‌డైవ్‌కంప్యూటర్ అనే లైబ్రరీ ఉండటం వల్ల రకరకాల కంపెనీల కంప్యూటర్లని చదవగలదు. మా ఇద్దరి డైవ్‌లూ ఒకే ప్రోగ్రామ్‌లోకి వచ్చింది దీనితోనే. ఒక తేడా గమనించండి: ఐఫోన్‌లో బ్లూటూత్ కంప్యూటర్లు మాత్రమే కలుస్తాయి. ఐఫోన్‌తో పాటు కేబుల్ డైవ్ కంప్యూటర్ ఉన్నవాళ్లు ల్యాప్‌టాప్ మోసుకెళ్లక తప్పదు.

సాయంత్రం వరండాలో డైవ్ కంప్యూటర్‌ని మంచినీళ్లతో కడిగి, కాంటాక్టుల మీద తేమని గుడ్డతో తుడిచి, కేబుల్ క్లిప్పు పెడతాను. ఉప్పు పట్టి ఉంటే కనెక్షన్ మధ్యలో తెగిపోతుంది. డౌన్‌లోడ్ అయ్యాక డైవ్ లోతు చూపే గీత వస్తుంది, పైకి లేచిన వేగాన్ని బట్టి రంగు మారుతుంది. ఒక డైవ్‌లో చివరి పది నిమిషాల్లో ఆకుపచ్చ గీత కాసేపు ఎర్రగా మారింది. కెరటం లాగిన చోట నేను తొందరగా లేచానన్నమాట. నీళ్లలో ఉన్నప్పుడు ఆ సంగతి తెలియలేదు. మర్నాడు డిక్సన్స్ పినకిల్ దగ్గర, అది 30 మీటర్ల దాకా దిగే చోటు, తాడు పట్టుకుని నెమ్మదిగా వచ్చాను.

గాలి లెక్క ఇంకా ఉపయోగం. జూప్ నోవోకి సిలిండర్ ప్రెషర్ తెలియదు, మనమే ఎక్కించాలి. 11.1 లీటర్ల సిలిండర్, 200 బార్‌తో దిగి 60 బార్‌తో వచ్చారనుకోండి. 45 నిమిషాలు, సగటు లోతు 14 మీటర్లు. ఖర్చయిన 1554 లీటర్లని 45తోనూ, ఆ లోతులో ఉండే ఒత్తిడి 2.4 బార్‌తోనూ భాగిస్తే నిమిషానికి సుమారు 14 లీటర్లు. ఈ అంకె తెలిస్తే తర్వాతి డైవ్‌కి గాలి ఎంతసేపు వస్తుందో ముందే అంచనా వేసుకోవచ్చు. బ్రీఫింగ్‌లో ప్రెషర్ రాసుకోమని పట్టుబట్టేది ఇందుకే.

నెట్ గురించి. చెన్నై నుంచి అండమాన్‌కి సముద్రం అడుగున వేసిన కేబుల్‌ని 2020 ఆగస్టులో ప్రారంభించారు, స్వరాజ్ ద్వీప్‌కి కూడా అది చేరింది. అయినా మేమున్న గుడిసెలో సిగ్నల్ వచ్చిపోతూనే ఉంది. నెట్ లేనిదే తెరుచుకోని లాగ్ యాప్ అక్కడ పనికిరాదు. సబ్‌సర్ఫేస్ ముందు మన మెషీన్‌లోనే దాచుకుంటుంది, నెట్ దొరికినప్పుడు క్లౌడ్‌కి పంపుతుంది. వేరే ప్రోగ్రాములు కూడా చదవగల యూడీడీఎఫ్, సీఎస్‌వీ ఫైళ్లుగా బయటికి తియ్యొచ్చు కాబట్టి రేపు వేరే ప్రోగ్రామ్‌కి మారినా డైవ్‌లు మనతో వస్తాయి. నోట్స్ నేను తెలుగులోనే రాస్తాను.

తిరుగు ప్రయాణంలో కూడా లాగ్ చూడాలి. వరసగా డైవ్‌లు చేసినవాళ్లు విమానం ఎక్కేముందు కనీసం 18 గంటలు ఆగాలని డైవర్ల భద్రత చూసే డాన్ సంస్థ సూచన. చివరి డైవ్ నుంచి మధ్యాహ్నం 12:10కి పైకి వస్తే మర్నాడు ఉదయం 6:10 లోపు విమానం వద్దు. టికెట్టు తక్కువకి వస్తోందని తెల్లవారుజాము విమానం బుక్ చేస్తే ఆ చివరి డైవ్ వదులుకోవాల్సిందే. చివరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లో బస పెట్టుకుంటే ఫెర్రీ ఆలస్యం అయినా కంగారుండదు.

ఇంత చెప్పినా కాగితం పుస్తకం మాత్రం మానకండి. పాడి డైవ్‌మాస్టర్ కోర్సు మొదలుపెట్టడానికి 40, పూర్తి చెయ్యడానికి 60 డైవ్‌లు నమోదై ఉండాలి, ఇన్‌స్ట్రక్టర్ సంతకం, స్టాంపు ఉంటే ఎవరూ మారు అడగరు. బోటు ఒడ్డుకి రాగానే, సామాను దించకముందే ఆ సంతకం తీసుకోండి. తర్వాత ఇన్‌స్ట్రక్టర్ ఇంకో బ్యాచ్‌తో వెళ్లిపోతాడు. ఆ పేజీ ఫొటో తీసి సబ్‌సర్ఫేస్‌లో అదే డైవ్‌కి జత చేస్తే సరిపోతుంది.