పేరు పిలిస్తే వణికే ఫోను: ఉద్యోగాల వేటలో చాలాకాలం వాడాక

మాటను అక్షరాలుగా మార్చి చూపే యాప్‌ల గురించి ఎవరు రాసినా ఆ అక్షరాల గురించే రాస్తారు. ఎంత వేగంగా పడుతున్నాయి, తెలుగు ఎంత సరిగ్గా వస్తోంది, డబ్బు కట్టాలా అక్కర్లేదా అని. నేను వాడే యాప్‌లో సెట్టింగుల అడుగున ఎవరూ పట్టించుకోని మీట ఒకటి ఉంది. అక్కడ మన పేరు రాసిపెడితే, దగ్గర్లో ఎవరైనా ఆ పేరు పలికినప్పుడు ఫోను వణుకుతుంది. ఉద్యోగం వెతుక్కున్నన్నాళ్లూ నన్ను ఆదుకున్నది ఆ మీటే, నా ప్రాణం తీసిందీ ఆ మీటే.

వినపడేవాళ్లకు ఇంటర్వ్యూ అంటే లోపలి గది. మాకు పరీక్ష బయటి హాల్లోనే మొదలవుతుంది. రెజ్యూమె తీసుకుని కూర్చోమంటారు. కాసేపటికి ఎవరో తలుపు సగం తెరిచి, చేతిలో కాగితం చూస్తూ పేరు పిలుస్తారు. తల ఎత్తరు కాబట్టి పెదవులు కనపడవు. రెండుసార్లు పిలిచినా పలక్కపోతే ఆ పేరు మీద గీత పడుతుంది. ఈ యాప్ లేని రోజుల్లో తలుపు మీంచి చూపు తిప్పేవాణ్ని కాదు, మంచినీళ్లకు లేవాలన్నా భయమే. పోనీ తమ్ముణ్ని వెంట తీసుకెళ్దామంటే అది ఇంకో తలనొప్పి. అడిగేవాళ్లు నన్ను వదిలేసి, “మీ అన్నయ్యకు టైపింగ్ వచ్చా?” అని వాణ్నే అడుగుతారు. నేను ఎదురుగానే కూర్చుని ఉంటాను.

ఉప్పల్ వైపు ఒక చిన్న ఆఫీసులో ఈ మీట మొదటిసారి పనిచేసింది. పేపరు చదువుకుంటున్నాను. అరచేతిలో ఫోను వణికింది. తలెత్తితే తలుపు దగ్గర ఒకావిడ కాగితం పట్టుకుని నిలబడి ఉంది. లేచి వెళ్లాను. ఆవిడకు అందులో వింతేమీ కనపడలేదు; పిలిచింది, పిలిచినవాడు వచ్చాడు. నాకు మాత్రం ఆ పూట ఉద్యోగం వచ్చినంత సంబరం. ఇంటికొచ్చి స్నేహితులందరికీ సందేశాలు పెట్టాను, వెంటనే వేసుకోండని.

ఆ సందేశాల్లో కొంత ఇప్పుడు వెనక్కి తీసుకోవాలి. మా నానమ్మ ఏడుకొండలవాడికి మొక్కుకుని నాకు శ్రీనివాస్ అని పేరు పెట్టింది. మన ఊళ్లలో ఏ హాల్లోనైనా నాలుగు వరసల జనం ఉంటే అందులో ఇంకో ఇద్దరు శ్రీనివాసులు ఉండక తప్పదు. ఎవరిని పిలిచినా నా ఫోనే వణికేది. నేను లేవడం, తలుపు దగ్గర ఆవిడ కాదన్నట్టు చెయ్యి ఊపడం, మళ్లీ కూర్చోవడం. సరే అని ఇంటిపేరు కూడా చేర్చాను. ఒకచోట జాబితాలో ఉన్నట్టే ‘కొండపల్లి ఎస్’ అని పిలిచారట. తెర మీద ‘కొండ పల్లెలో’ అని పడింది, ఫోను ఉలకలేదు, పలకలేదు. పక్కనున్న కుర్రాడు నా దరఖాస్తు మీద పేరు చూసి భుజం తట్టబట్టి సరిపోయింది. పైన సీలింగ్ ఫ్యాన్ గట్టిగా తిరుగుతున్నా, సెల్లార్‌లో సిగ్నల్ అందకపోయినా ఇంతే సంగతులు.

ఇవన్నీ సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది శంషాబాద్ వైపు ఒక గిడ్డంగి గేటు దగ్గర ఎదురైంది. సరుకు లెక్కలు కంప్యూటర్లో ఎక్కించే పని, నాకు చేతనైనదే. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన ప్లాస్టిక్ ట్రే చూపించి ఫోను అందులో పెట్టమన్నాడు. లోపలికి ఫోన్లు తీసుకెళ్లకూడదని గోడ మీద పెద్దక్షరాలతో రాసే ఉంది. నా వైకల్య గుర్తింపు కార్డు చూపించి, ‘ఈ ఫోనే నాకు చెవి, లోపల పేరు పిలిస్తే వినపడదు’ అని టైపు చేసి చూపించాను. ఆయన చదివాడు, జాలిగానే చూశాడు, సూపర్‌వైజర్‌ను పిలుచుకొచ్చాడు. సూపర్‌వైజర్ ఫోను నా చేతిలోంచి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, దాన్ని పట్టుకునే నాతో మాట్లాడటం మొదలుపెట్టాడు. చాలాసేపు మాట్లాడాడు. ఆయన మాటలు చక్కగా తెలుగు అక్షరాలై పడుతూనే ఉన్నాయి. తెర మాత్రం ఆయన వైపు ఉంది. ఇటు తిప్పమని నేను చేత్తో చూపించిన ప్రతిసారీ, ఫోను అడుగుతున్నాననుకుని దాన్ని ఇంకాస్త వెనక్కి లాక్కున్నాడు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఉద్యోగాల్లో మాకు తగిన వెసులుబాటు గురించి మాట్లాడుతుంది. సమాన అవకాశాల విధానం ప్రకటించాలని 21వ సెక్షన్ ప్రతి సంస్థకూ చెబుతుంది. ప్రభుత్వ కొలువుల్లో వికలాంగులకు 4 శాతం, అందులో వినికిడి లోపం ఉన్నవాళ్లకు 1 శాతం రిజర్వేషన్ ఉంది కానీ, ప్రైవేటు గిడ్డంగికి అది వర్తించదు. ఇదంతా నాకు కంఠతా వచ్చు. ఎండలో, ట్రే ముందు నిలబడి ఏ సెక్షన్ ఎవరికి చదివి వినిపించాలి?

చివరికి లోపలి నుంచి వచ్చిన ఒక అమ్మాయి విషయం కనుక్కుంది. ఫోను ట్రేలోనే ఉండిపోయింది. ఆ అమ్మాయి హాల్లో ఉన్న తెల్లబోర్డు తుడిచి, వచ్చినవాళ్లందరికీ నంబర్ల చీటీలు ఇచ్చి, ఎవరి వంతు వస్తే ఆ నంబరు మార్కరుతో బోర్డు మీద రాయడం మొదలుపెట్టింది. నేను నింపాదిగా వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చాను. ఇంకో శ్రీనివాస్ ఎవరైనా ఉన్నాడో లేడో కూడా నాకు తెలియదు. ఆ ఉద్యోగం రాలేదు. లోపల ఆదేశాలన్నీ వాకీటాకీలోనే వస్తాయని, అది తప్పదని కాగితం మీద రాసి చూపించారు.

ఇంటర్వ్యూ గదిలో యాప్ సంగతి అందరూ రాసేదే కాబట్టి తొందరగా చెబుతాను. అవతలివాళ్లు నిదానంగా, ఒకే భాషలో మాట్లాడితే బాగుంటుంది. హైదరాబాదులో అలా ఎవరు మాట్లాడతారు? ఒకే వాక్యంలో తెలుగు, ఇంగ్లీషు, హిందీ కలిసిపోతే తెర మీద ఏ భాషా మిగలదు. జీతం ఎంత ఆశిస్తున్నారన్న ప్రశ్న నాకు ఒక్కచోటా సరిగ్గా రాలేదు. ఎదుటివాళ్ల ముఖం చూసి అదే అడిగారని కనిపెట్టడం అలవాటైంది. మామూలు ఫోన్ కాల్‌కు నా దగ్గరున్న యాప్ అసలు పనికిరాదు. ‘వినపడదు, దయచేసి సందేశం పంపండి’ అని రెజ్యూమె నెత్తిన పెద్ద అక్షరాలతో రాసుకున్నాను. అయినా కాల్ చేసేవాళ్లు చేస్తూనే ఉంటారు.

ఇక ఎవరికి పనికొస్తుందంటే, నా సంగతి చెప్పాలి. నాకు పదో తరగతిలో జ్వరం వచ్చి వినికిడి పోయింది. రెండు చెవుల్లోనూ 70 డెసిబెల్స్ నష్టం ఉంటే చట్టం బధిరుడంటుంది, నాది అంతకంటే ఎక్కువే. కానీ అప్పటికే తెలుగు చదవడం, మాట్లాడటం వచ్చేశాయి. తెర మీద అక్షరాలు పరిగెత్తినా అందుకోగలను, నోటితో జవాబు చెప్పగలను. పుట్టుకతోనే వినపడని నా స్నేహితుడు సైగల భాషలో పెరిగాడు. వాడికి తెలుగు రెండో భాష. ఆ వేగంతో వచ్చే తెలుగును చదివేలోపు అవతలివాళ్లు ఇంకో ప్రశ్నకు వెళ్లిపోతారు. వాడికి కావలసింది ఇంటర్‌ప్రెటర్. నేను గొప్పగా సందేశం పెట్టి వేసుకోమన్న యాప్‌ను వాడు మొహమాటానికి కొన్నాళ్లు ఉంచుకుని తీసేశాడు. వినికిడి మధ్యలో పోయినవాళ్లయితే, అందులోనూ పేరు కాస్త అరుదైనదైతే, వేసుకుని చూడవచ్చు.

ప్రస్తుతం నేను మందుల పంపిణీ చేసే ఒకచోట బిల్లుల నమోదు చేస్తున్నాను. ఒప్పందం మార్చి వరకే, కాబట్టి యాప్ తీసేయలేదు. ఇక్కడ అందరూ ‘శ్రీను’ అంటుంటే ఆ పేరూ చేర్చాను. పక్క బల్ల దగ్గర కూర్చునే ఆయనా శ్రీనే అని తేలింది, అందుకని ఆఫీసులో ఉన్నంతసేపు ఆ మీట ఆపేసే ఉంచుతున్నాను.