మూలలో తిరిగే ట్రే: 11 ఏళ్లు వాడాక

మా వంటిల్లు ఏడడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు. ఇద్దరం ఒకేసారి లోపలుంటే ఒకరు గట్టుకు అతుక్కోవాలి, ఇంకొకరు ఊపిరి బిగబట్టి దాటాలి. 11 ఏళ్లుగా రోజూ వాడుతున్నాం. వంట ఎక్కువగా నాది, గిన్నెలు మా ఆవిడవి. అందుకని స్టవ్ వైపు సంగతులు కాస్త ధీమాగా చెప్పగలను గానీ, సింక్ వైపు సంగతులు ఆవిడ మాట వినకపోవడం వల్ల ఆలస్యంగా తెలుసుకున్నవి. ఎంత ఆలస్యంగానో కింద చెబుతాను.

స్టవ్, ఫ్రిజ్, డబ్బాల వరస ఏ ఇంట్లోనైనా ఉండేవే, వాటిని వదిలేస్తున్నాను. నాకు చెప్పుకోవాలని ఉన్నది ఒక్క మూల గురించే. గట్టు 'ఎల్' ఆకారంలో మలుపు తిరిగే చోట కింద ఒక చీకటి అర వస్తుంది కదా, అది. మేం అందులో గుండ్రంగా తిరిగే ట్రేలు పెట్టించాం. మొదటి ఆరేళ్లూ దాన్ని పొగడని రోజు లేదు. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

అది పనిచేసే తీరు ముచ్చటగానే ఉంటుంది. మధ్యలో నిలువుగా ఒక ఇనుప కడ్డీ, దానికి పైన ఒకటి, కింద ఒకటి ట్రేలు. ట్రే పూర్తి గుండ్రం కాదు, నాలుగో వంతు ముక్క కోసి తీసేసినట్టు ఉంటుంది. ఆ కోసిన చోట తలుపును ట్రేలకే బిగిస్తారు. తలుపును వేలితో తోస్తే అది లోపలికి వెళ్లిపోతుంది, వెనకున్న గిన్నెలన్నీ ఊరేగింపుగా ముందుకొస్తాయి. ఇంటికి ఎవరైనా వస్తే మంచినీళ్లు ఇవ్వడానికి ముందే దీన్ని తిప్పి చూపించేవాణ్ణి. మా అమ్మ మాత్రం ఒకసారి చూసి, "బానే ఉంది గానీ, దాని వెనక ఎలా తుడుస్తావురా?" అంది. తుడవాల్సిన అవసరమే రాదని చెప్పాను.

ఆ సంగతికి వచ్చేముందు మిగతా వంటింటి అవకరాలు కూడా చెప్పాలి, లేకపోతే తప్పంతా మూలదే అనుకుంటారు. గరిటెల సొరుగు ఫ్రిజ్ తలుపు మూసి ఉంటేనే పూర్తిగా బయటికొస్తుంది. ఫ్రిజ్ తెరిచి ఉన్నప్పుడు గరిటె కావాలంటే చేతిని వంచి లోపలికి పోనిచ్చి తడుముకోవాలి. చాకులు వేరే చోట పెట్టడానికి కారణం అదే. గట్టు ఎత్తు 32 అంగుళాలు. నిలబడి తరగడానికి గట్టు మోచేతికి పది నుంచి పదిహేను సెంటీమీటర్లు కిందుంటే హాయి అంటారు. మా ఆవిడకు అది సరిగ్గా అంతే ఉంది. నేను ఆరడుగుల మనిషిని, నాకు నడుం పడిపోతుంది. అందుకని కోసే చెక్క కింద ఇంకో రెండు చెక్కలు పేర్చుకుంటాను. ఆవిడ తరగాల్సి వచ్చినప్పుడల్లా వాటిని తీసి సింక్ పక్కన నిలబెడుతుంది, నేను మళ్లీ తెచ్చుకుంటాను. ఈ వ్యవహారం 11 ఏళ్లుగా మాటల్లేకుండా సాగుతోంది.

అన్నిటికంటే చిరాకు లైటు. అది పైకప్పుకు సరిగ్గా గది మధ్యలో ఉంది, అంటే గట్టు దగ్గర నిలబడితే నా వీపు వెనక. చాకు కింద ఉల్లిపాయ ఎప్పుడూ నా నీడలోనే. పై అలమర అడుగున ఒక ఎల్‌ఈడీ పట్టీ అంటించాక గానీ వేళ్లు కనపడలేదు. చవకలో అయిపోయిన ఈ పని మొదటి వారంలో చేయాల్సింది, అయిదో ఏట చేశాను. దీని గురించి చదువుతుంటేనే ఫ్రాంక్‌ఫర్ట్ వంటిల్లు సంగతి తెలిసింది. 1926లో మార్గరెటె షుట్టె-లిహోట్స్కీ అనే ఆస్ట్రియా ఆర్కిటెక్ట్ జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో కొత్త ఇళ్ల కోసం గీసిన వంటగది అది. వెడల్పు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు. అలాంటివి సుమారు 10,000 కట్టారట. అందులో లైటు పైకప్పుకు అమర్చిన పట్టా మీద జరుగుతుంది. ఎక్కడ పని ఉంటే అక్కడికి లాక్కోవచ్చు! గట్టులోనే తొక్కలు నెట్టేందుకు ఒక సందు, సరుకులకు పేర్లు రాసిన అల్యూమినియం సొరుగులు. వందేళ్ల కిందటి ఆలోచన. అది గీసేనాటికి తనకు వంట చేసిన అనుభవం లేదని ఆవిడే తర్వాత చెప్పుకున్నారు. మా వంటిల్లు గీసినవాళ్లకూ లేనట్టే ఉంది గానీ, ఫలితం మాత్రం ఒకటి కాలేదు.

స్టవ్, సింక్, ఫ్రిజ్ మధ్య గీసే త్రికోణం లెక్క ఒకటుంది. 1940లలో అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో తయారైన లెక్క. మూడు భుజాలూ కలిపి 13 అడుగులకు తగ్గకూడదు, 26 దాటకూడదు అంటారు. టేపుతో కొలిచాను. మాకు మూడూ కలిపి పదిన్నర. లెక్క ప్రకారం ఇరుకే. కానీ పొయ్యి మీద ఏదైనా పొంగుతుంటే సింక్ దగ్గర నుంచి ఒక్క అడుగు వేసి మంట తగ్గించగలను. పెద్ద వంటిళ్లలో పాలు పొంగిపోయేది ఈ ఒక్క అడుగు దగ్గరే. ఈ విషయంలో మా ఇరుకు మీద నాకు ఫిర్యాదు లేదు.

ఇక మూల.

ఏడో ఏడాదిలో ట్రే బిగుసుకోవడం మొదలైంది. వేలితో తిరిగేది అరచేతితో తోస్తే గానీ కదిలేది కాదు. బరువు ఎక్కువైందేమో అని పెద్ద గిన్నెలు తీసి పైన పెట్టాను. రెండు రోజులు బాగుంది, లేదా బాగుందని అనుకున్నాను. తర్వాత కడ్డీ అడుగున నూనె వేశాను. దాదాపు అదే రోజుల్లో మా ఆవిడ, "ఏమండీ, ఆ మూల నుంచి ఏదో ముక్కిన వాసన వస్తోంది, ఒకసారి చూడండి" అంది. చూశాను. అంటే, తలుపు తోసి, తల లోపల పెట్టి, వాసన చూశాను. ఎక్కడో ఉల్లిపాయ పడి కుళ్లి ఉంటుందని తేల్చేశాను. ఉల్లిపాయ దొరకలేదు. వాసన మాత్రం అలాగే ఉంది. కొన్నాళ్లకు అలవాటైపోయింది.

ఎనిమిదో ఏట ఒక సాయంత్రం, పొయ్యి మీద మూకుడులో నూనె కాగుతోంది. మూత కోసం ట్రే తోశాను. సగం తిరిగి ఆగిపోయింది. ఇంకాస్త గట్టిగా తోస్తే లోపల ఎక్కడో 'టక్' అని శబ్దం వచ్చి పూర్తిగా బిగిసిపోయింది. తలుపు సగం లోపల, సగం బయట. ముందుకు రాదు, వెనక్కి పోదు. పళ్లెం బోర్లించి ఆ పూట వంట కానిచ్చాను. రాత్రి భోజనాలయ్యాక టార్చి నోట కరిచి నేల మీద పడుకున్నాను. కడ్డీని విప్పుదామంటే దాని మరలన్నీ గోడ వైపు తిరిగి ఉన్నాయి. ట్రే తిరిగితే గానీ మరలు ముందుకు రావు, మరలు విప్పితే గానీ ట్రే తిరగదు. దీన్ని బిగించినవాళ్లను ఆ రాత్రి ఏమేం అన్నానో ఇక్కడ రాయను.

కార్పెంటర్ మూడో రోజున వచ్చాడు. ఆ రెండు రోజులూ నాలుగు గిన్నెలతోనే కాపురం. అతను ట్రే ముట్టుకోలేదు. మోకాళ్ల మీద కూర్చుని అర అడుగున ఉన్న చెక్కను వేలి గణుపుతో కొట్టి చూశాడు. ముందువైపు 'టక్ టక్' అంది, వెనక్కి వెళ్లేకొద్దీ 'దబ్ దబ్'. అక్కడ బొటనవేలితో నొక్కితే వేలు దిగబడింది.

"ట్రే బానే ఉంది సార్. కింద చెక్క లేచింది" అన్నాడు.

పక్క పలకల్లో ఒకటి కోసి ట్రేలను విడదీసి బయటికి లాగాక అసలు సంగతి కనిపించింది. అర అడుగున వేసింది పార్టికల్ బోర్డు, అంటే చెక్క ముక్కల పొట్టును జిగురుతో కలిపి ఒత్తి చేసిన పలక. పైనా కిందా లామినేట్ ఉంది గానీ, కోసిన అంచులు వెనకవైపు అలాగే వదిలేశారు. నీళ్లు తాగేది అక్కడే. ఒకసారి తాగి ఉబ్బిందంటే, ఆరినా మళ్లీ మునుపటి మందానికి రాదు. 18 మిల్లీమీటర్ల పలక వెనకవైపు 26 ఉంది, నేనే కొలిచాను. కడ్డీ అడుగు ఆ ఉబ్బు అంచున నిలబడి ఉండటంతో ఒక పక్కకు ఒరిగింది. పై ట్రే అంచు పక్క గోడకు రాసుకోవడం మొదలుపెట్టింది. నేను నూనె వేస్తూ కూర్చున్నది ఆ కడ్డీకే.

మరి నీళ్లెక్కడివి? సింక్ కింద గొట్టం పట్టుకు చూస్తే పొడిగా ఉంది. నేను గోడ చెమ్మ అన్నాను. కార్పెంటర్ ఒప్పుకోలేదు. "సింక్ నిండా నీళ్లు పట్టి ఒక్కసారిగా వదలండి" అన్నాడు. గొట్టం వంపు దగ్గర బిగింపు చుట్టూ కాగితపు రుమాలు చుట్టి, బిరడా లాగాం. పది సెకన్ల దాకా ఏమీ లేదు. తర్వాత రుమాలు ఒక పక్క చిన్నగా ముదురు రంగుకు తిరిగింది. వాషర్ పగిలింది. కుళాయి కింద చేయి కడుక్కుంటే కారదు, ప్లేటు తొలిస్తే కారదు. గిన్నెలన్నీ నానబెట్టి నిండు సింక్ ఒక్కసారి వదిలినప్పుడు మాత్రమే, గొట్టం నిండా నీళ్లు తోసుకొచ్చినప్పుడు, నాలుగు చుక్కలు. నేల కాస్త మూల వైపు వాలి ఉంది. రోజుకు నాలుగు చుక్కల చొప్పున, అడ్డుపలక కిందుగా, నెమ్మదిగా ఆ మూలకే చేరాయి. మామూలు అర అయితే గిన్నె తీసినప్పుడల్లా చేతికి తడి తగిలేది. ట్రే మనకు వెనకభాగాన్ని ఎప్పుడూ చూపించదు. వస్తువులను ముందుకు తెస్తుంది, చోటును మాత్రం దాచేస్తుంది. నాకు కోపం అదే.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఇదంతా చూసింది. "ఏడాది కిందట ఏమన్నాను?" అని మాత్రం అంది. ఉల్లిపాయ ప్రస్తావన తేలేదు, అది ఆవిడ మంచితనం.

మూలలో దొరికిన సామాను వేరే కథ. చదరంలో పట్టేంత పెద్ద వృత్తం గీస్తే ఆ చదరంలో సుమారు 78.5 శాతమే వస్తుంది. మిగతా ఐదో వంతు నాలుగు మూలలకు పోతుంది. మా ట్రేలో నాలుగో వంతు కోత కూడా ఉంది. చోటు మిగిల్చే పరికరమని కొన్నది మొదటి రోజు నుంచే చోటు తింటోందని ఎనిమిదేళ్లకు లెక్క వేసుకున్నాను. ఆ ఖాళీల్లో ఏడు మూతలు, ఒక టీ జల్లెడ, రెండు చెంచాలు, ఒక కుక్కర్ రబ్బరు దొరికాయి. ఆ రబ్బరు పోయిందని ఇంకోటి కొన్నాం. అది కూడా పోయిందని మూడోది కొన్నాం. రెండోది ఇప్పటికీ దొరకలేదు.

అడుగున నీటికి తట్టుకునే ప్లైవుడ్ వేయించి, అంచులన్నీ మూయించాను. కింద నాలుగంగుళాల ప్లాస్టిక్ కాళ్లు పెట్టించాను, ముందు పట్టీ చేత్తో ఊడదీయొచ్చు. ట్రేలు మళ్లీ పెట్టించలేదు. మూడేళ్లుగా అది మామూలు అర.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. మామూలు అర వచ్చాక మూలలో ఉన్నది తీయాలంటే మోకాళ్ల మీద కూర్చోవాలి. లోపలికి చేయి అందదు. ఏడాదికి రెండుసార్లు వాడే పెద్ద గిన్నెలు మాత్రమే అక్కడ పెడుతున్నాం. రోజూ వాడేవి గట్టు మీదికి వచ్చేశాయి, గట్టు ఇంకా ఇరుకైంది. ట్రే బాగా తిరిగిన ఆరేళ్లూ నిజంగా సుఖంగానే గడిచాయి. అప్పుడు నేను పొగిడింది అబద్ధం కాదు, తొందరపాటు. మా ఆవిడకైతే ట్రేలే కావాలి. మోకాళ్ల నొప్పులున్న మనిషికి అది న్యాయమైన కోరికే.

కాబట్టి ఎవరైనా అడిగితే ఇలా చెబుతున్నాను. సింక్ మూలకు దూరంగా ఉండి, అడుగు పలక నీళ్లకు ఓర్చేదై, ట్రే మరలు ముందు నుంచి అందేలా ఉంటే పెట్టించుకోండి. ముఖ్యంగా వంగలేనివాళ్లు ఇంట్లో ఉంటే. మా ఇంట్లోలాగా సింక్ మూలకు ఆనుకునే ఉండి, వాసన వస్తోందంటే ఉల్లిపాయ అనుకునే మనిషి వంట చేస్తుంటే వద్దు. రెండు ట్రేలనూ అటక మీద దాచాను. వాటిలో ఒకటి పగిలింది. సింక్‌ను రెండడుగులు పక్కకు జరిపించే రోజు వస్తే రెండోది వాడొచ్చేమో చూడాలి.

గొట్టం వంపు కింద ఇప్పుడు ఒక పాత స్టీలు పళ్లెం పెట్టాను. ఆదివారం సింక్ నింపి వదిలి, పళ్లెం చూస్తాను. పోయిన వారం కూడా పొడిగానే ఉంది.