నాన్న నడకకు సరిపడే పాటలు: ఉమ్మడి ప్లేలిస్ట్‌తో నాలుగేళ్లు

గుంటూరులో నేను, తెనాలిలో అమ్మానాన్న, మస్కట్‌లో తమ్ముడు. నాలుగేళ్లుగా మా అందరికీ కలిపి ఒకే ప్లేలిస్ట్ ఉంది. ఎవరైనా పాట చేర్చవచ్చు, ఎవరైనా తీసేయవచ్చు. ఇప్పుడు చాలా మ్యూజిక్ యాప్‌లలో ఈ సౌకర్యం ఉంది. నేను చెప్పేది అన్నిటికీ ఎంతో కొంత వర్తిస్తుంది కాబట్టి మేం వాడే యాప్ పేరు రాయడం లేదు.

ఇది మొదలైంది నాన్న కోసం. ఆయనకు కదలికలను దెబ్బతీసే పార్కిన్సన్స్ జబ్బు ఉంది. హాల్లో బాగానే నడిచేవారు. గుమ్మం దగ్గరకు రాగానే మాత్రం కాళ్లు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోయేవి. ఎంత ప్రయత్నించినా అడుగు లేచేది కాదు. ఒకరోజు ఫిజియోథెరపీ చేసే అమ్మాయి పక్కన నిలబడి గట్టిగా చప్పట్లు కొడుతూ "ఒకటి, రెండు, ఒకటి, రెండు" అంది. మూడో చప్పట్టుకి నాన్న గుమ్మం దాటారు. అమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ సాయంత్రమే నేను, తమ్ముడు ఫోన్‌లో కూర్చుని మొదటి పది పాటలు పెట్టాం.

ఆ చప్పట్లు ఎందుకు పనిచేశాయో తర్వాత చదివి తెలుసుకున్నాను. మెదడు లోపల బేసల్ గాంగ్లియా అనే భాగం ఉంటుంది. అలవాటైన కదలికలను వేళకు నడిపించడంలో దానిది పెద్ద పాత్ర. పార్కిన్సన్స్‌లో డోపమిన్ అనే మెదడు రసాయనం తగ్గేసరికి ఆ లోపలి తాళం తప్పుతుంది. బయటి నుంచి దరువు వినిపిస్తే, చెవి ద్వారా వేరే దారిలో కాళ్లకు కబురు అందుతుంది. అమెరికాలో మైకేల్ థాట్, ఆయన బృందం 1996లోనే దీని మీద ఒక అధ్యయనం ప్రచురించారు. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లు మూడు వారాల పాటు ఇంటి దగ్గర దరువుకు తగ్గట్టు నడిస్తే వాళ్ల నడక వేగం సుమారు పావు వంతు పెరిగింది. అది చదివాక మా ప్రయత్నం మీద నాకు నమ్మకం కుదిరింది.

పాటలు ఎంచడం మాత్రం మేం అనుకున్నంత తేలిక కాలేదు. ముందు నాన్న నిమిషానికి ఎన్ని అడుగులు వేస్తున్నారో లెక్కపెట్టాం. 88 వచ్చింది. ఫిజియో సలహా మీద 92 దరువులున్న పాటలు వెతకడం మొదలుపెట్టాం. యాప్‌లో, నెట్‌లో కనిపించే లెక్కలను నమ్మితే దెబ్బతింటాం. అదే పాటకు ఒక చోట 46 అని, ఇంకో చోట 184 అని ఉంటుంది, ఎందుకంటే యంత్రం దరువును సగం చేసో రెట్టింపు చేసో లెక్కపెడుతుంది. చివరికి పాట వింటూ తొడ మీద చేత్తో కొట్టుకుని, 15 సెకన్లలో ఎన్ని పడ్డాయో చూసి నాలుగుతో గుణించడమే నమ్మకమైన పద్ధతి అని తేలింది. ఇప్పటికీ అదే చేస్తున్నాను.

తాళం సంగతి ఇంకా ముఖ్యమైనది. నాన్నకు ప్రాణమైన ఒక కీర్తన మిశ్రచాపు అనే ఏడక్షరాల తాళంలో ఉంది. ఎంతో సంతోషంగా చేర్చాం. నడక మొదలుపెడితే అడుగులు తడబడ్డాయి. కారణం నాకు వెంటనే తట్టలేదు. రాత్రి కూర్చుని "తకిట తకధిమి" అని వేళ్ల మీద లెక్కపెట్టుకుంటే అర్థమైంది. ఏడు బేసి సంఖ్య. అక్షరానికో అడుగు వేస్తే, తాళం మొదటి చుట్టులో, అంటే మొదటి ఆవర్తనంలో, కుడికాలి మీద పడ్డ సమం (తొలి దెబ్బ) రెండో ఆవర్తనంలో ఎడమకాలి మీద పడుతుంది. ఆ మూడు, నాలుగు విరుపు మీద అడుగు వేద్దామంటే ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు అదొక అందం. లోపలి తాళం బలహీనపడిన మనిషికి అది కష్టం. ఐదు అక్షరాల ఖండచాపుతోనూ ఇదే సమస్య. ఆదితాళంలో ఎనిమిది కాబట్టి రెండు కాళ్లకూ సమంగా పంచుకోవచ్చు. అన్నిటికంటే బాగా కుదిరినవి కోలాటం పాటలు. మూడక్షరాల తిశ్రంలో "తకిట తకిట" అని ఊగుతూ సాగే వాటిలో తకిటకు ఒక అడుగు పడుతుంది. ఆ ఊపు నాన్న భుజాల్లోకి కూడా వచ్చేది. అప్పటిదాకా ఆయన నడుస్తుంటే చేతులు ఒంటికి అంటుకుపోయి ఉండేవి. కోలాటం పాట వచ్చినప్పుడు చేతులు కదలడం నేను కళ్లారా చూశాను.

పద్యాలు తీసేయాల్సి వచ్చింది. తెనాలి మనిషికి నాటక పద్యం వినిపిస్తే నడక ముందుకు సాగదు. పద్యానికి తాళం ఉండదు సరే, అసలు సంగతి అది కాదు. హార్మోనియం మీద రాగం ఎత్తుకోగానే నాన్న ఆగి, తల ఎత్తి, మొత్తం వినాల్సిందే. అందుకని పద్యాలకు, ఆలాపనలకు, మిశ్రచాపు కీర్తనకు "కూర్చుని వినేవి" అని రెండో జాబితా పెట్టాం. ఇప్పుడు సాయంత్రాలు మేం ఎక్కువగా వాడేది అదే.

ఈ రెండో జాబితా నాకూ పనికొచ్చింది. ఆఫీసు టెన్షన్‌తో రాత్రి రెండు దాకా నిద్ర పట్టని రోజులు నాకు చాలా ఉండేవి. ఇటలీలో లూచియానో బెర్నార్డి బృందం 2006లో ప్రచురించిన ఒక అధ్యయనం గురించి తమ్ముడు చెప్పాడు. 24 మందికి రకరకాల సంగీతం వినిపించారు, అందులో మన రాగం కూడా ఉంది. లయ వేగం పెరిగితే ఊపిరి, గుండె వేగం కూడా పెరిగాయి. అయితే పాటల మధ్య రెండు నిమిషాల నిశ్శబ్దం వచ్చినప్పుడు శరీరం సంగీతం మొదలుపెట్టక ముందుకంటే కూడా ఎక్కువ నెమ్మదించింది. అప్పటిదాకా నేను నిద్ర కోసం గంటల తరబడి పాటలు ఆపకుండా పెట్టుకునేదాన్ని. ఇప్పుడు నెమ్మదైన వీణ పది నిమిషాలు, తర్వాత రెండు నిమిషాలు ఏమీ లేకుండా, మళ్లీ వీణ. నా వరకు ఆ ఖాళీలోనే కళ్లు మూతలు పడతాయి. యాప్‌లో నిశ్శబ్దం చేర్చే వీలు లేదు. ఖాళీ ఫైల్ ఒకటి నేనే రికార్డు చేసి నా ఫోన్‌లో పెట్టుకున్నాను. అది మిగతావాళ్ల ఫోన్లలో కనిపించదు, అదొక లోటు.

పాటలు పంచుకోవడం గురించి కూడా చెప్పాలి. మొదటి రెండు నెలలూ తమ్ముడు రోజుకు పది పాటలు వేసేవాడు. ఒక్కటీ ఎవరూ పూర్తిగా వినలేదు. జాబితా 300 దాటాక అమ్మ ఫోన్ చేసి, "ఏది పెట్టాలో తెలియక ఏదీ పెట్టడం లేదమ్మా" అంది. అప్పుడు ఒక నియమం పెట్టుకున్నాం. వారానికి ఒక్కరి వంతు, ఒక్కటే పాట. దాంతో పాటు దాన్ని ఎక్కడ విన్నారో, ఎందుకు నచ్చిందో చెబుతూ ఒక వాయిస్ మెసేజ్. ఈ ఒక్క మార్పుతో అంతా మారిపోయింది. మాట తోడైతే పాట వినాలనిపిస్తుంది. ఎవరైనా ఇలాంటి జాబితా మొదలుపెడితే మొదటిరోజు నుంచే ఈ పద్ధతి పెట్టుకోమని గట్టిగా చెబుతాను.

అలా ఒక వారం తమ్ముడు ఒమన్‌లో రజ్‌హా అనే కత్తుల నాట్యం పాట పంపాడు. రహ్మానీ, కాసిర్ అని రెండు డోళ్లు, వాటి మీద మగవాళ్ల గొంతులు. ఒక పెళ్లి దగ్గర రోడ్డు మీద నిలబడి విన్నానని చెప్పాడు. నాన్న రెండుసార్లు విని, "పెద్ద డోలు నిలబెడుతోంది, చిన్నది మాట్లాడుతోంది. మన మేళంలోనూ అంతేగా" అన్నారు. తర్వాతి వారం ఆయన వంతు. షేక్ చినమౌలానా నాదస్వరం చేర్చమన్నారు. కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడ్డ ఆ విద్వాంసుణ్ణి వయసులో ఉండగా ఒక కల్యాణోత్సవంలో తెల్లవారుజాము దాకా కూర్చుని విన్నారట. ఈ సంగతి మా ఇద్దరికీ అప్పటిదాకా తెలియదు.

ఇక ఇబ్బందులు. డబ్బు కట్టని ఖాతాలో మధ్యలో ప్రకటనలు వస్తాయి. మామూలు శ్రోతకు అది చిరాకు, నాన్నకు అది ప్రమాదం. దరువు తెగితే అడుగు తెగుతుంది. అందుకే మొదటి నెలలోనే డబ్బు కట్టేశాం. అంతకంటే పెద్ద ప్రమాదం, జాబితా అయిపోగానే యాప్ తనంతట తాను ఇంకో పాట ఎత్తుకోవడం. ఒకసారి అలా బాగా వేగమైన పాట వచ్చింది. నాన్న అడుగులు చిన్నవై, తొందరపడి, ఆయన ముందుకు తూలారు. అమ్మ పక్కనే ఉండి పట్టుకుంది. ఆ ఆటోప్లే సెట్టింగ్‌ను ముందే ఆపేయండి. ఇయర్‌ఫోన్లు కూడా వద్దు, వెనక నుంచి బండి వస్తే వినిపించదు. నాన్న ఫోన్‌ను చొక్కా జేబులో పెట్టుకుని స్పీకర్ మీదే వింటారు. హక్కుల కారణంగా కొన్ని పాటలు ఉన్నట్టుండి మాయమవుతాయి. మావి ఇప్పటికి ఏడు పోయాయి.

మందు ప్రభావం తగ్గిన వేళల్లో పాట ఒక్కటే సరిపోవడం లేదు. అలాంటప్పుడు నాన్నను నడిపించే ప్రయత్నం చేయం, కూర్చుని వింటాం. ఈ నాలుగేళ్లలో జబ్బు కొంత ముదిరింది. నడక జాబితా వేగం నిమిషానికి 92 దరువుల నుంచి 84కు దిగింది. పాటలన్నీ మళ్లీ వెతికి మార్చాను. గుమ్మం మాత్రం ఇప్పటికీ దాటుతున్నారు, ఎక్కువ రోజులు పాటతో, కొన్నిసార్లు అమ్మ చప్పట్లతో.

ఈ వారం వంతు నాన్నది. ఆయన పాట పంపలేదు. అటక మీద నుంచి చిన్నప్పటి చెక్కభజన చెక్కలు దింపించుకుని, ఇరవై సెకన్ల పాటు తానే వాయించి వాయిస్ మెసేజ్ పెట్టారు. చేయి వణుకుతోంది, గజ్జెలు కొంచెం ముందూ వెనకా పడుతున్నాయి. "ఈ దరువుకు సరిపోయే పాట ఏదైనా ఉందేమో చూడరా" అని తమ్ముణ్ణి అడిగారు. వాడు మూడు రోజులుగా వెతుకుతున్నాడు.