టర్బో మార్చమన్నారు, చేతి పంపు వద్దంది

ఈ చేతి వాక్యూమ్ పంపు నా దగ్గరకు వచ్చి నాలుగేళ్లు దాటింది. పిడిని నొక్కుతూ ఉంటే గాలిని లాగేస్తుంది, పైనున్న గుండ్రటి మీటరు ఎంత లాగిందో చూపిస్తుంది. అంతకు మించి దీనికి వేరే పని రాదు. అయినా నాకు దీని మీద ఇంత మమకారం పెరగడానికి ఆ మీటరు ముల్లే కారణం. లాగిన వాక్యూమ్ నిలబడిందా, జారిపోతోందా అన్న ఒక్క సంగతి అది చెబుతుంది. నా కారు టర్బో, అంటే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే భాగం, దక్కింది ఆ ఒక్క సంగతి వల్లే.

నాది డీజిల్ కారు. టర్బో రెక్కల కోణాన్ని మార్చే యాక్చుయేటర్ (రెక్కలను కదిపే భాగం) వాక్యూమ్‌తో కదులుతుంది. దానికి ఎంత వాక్యూమ్ అందాలో ఇంజిన్ కంప్యూటర్ కరెంటుతో పనిచేసే ఒక సోలెనాయిడ్ వాల్వ్ ద్వారా నియంత్రిస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు నాలుగో గేరులో ఉన్నట్టుండి బలం పోయేది. ఎంత తొక్కినా బండి ఈడ్చుకుంటూ వెళ్లేది. ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టు పరుగెత్తేది. కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే స్కానర్ పెడితే పీ0299 కోడ్ వచ్చింది. వర్క్‌షాపులో ఆ కోడ్ చూడగానే టర్బో మార్చాలన్నారు. బానెట్ ఎత్తి ఒక్క పైపునైనా ముట్టి చూడలేదు. తలచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. టర్బో ఇచ్చే గాలి ఒత్తిడి తగ్గిందని మాత్రమే ఆ కోడ్ చెబుతుంది, ఎందుకు తగ్గిందో దానికి తెలియదు.

తమ్ముణ్ణి స్కానర్‌తో పక్కన కూర్చోబెట్టి అదే ఎత్తు మళ్లీ ఎక్కాను. కంప్యూటర్ కోరిన ఒత్తిడి 210 కిలోపాస్కల్స్, వచ్చింది 150. మామూలు గాలి ఒత్తిడే దాదాపు 100 ఉంటుంది కాబట్టి టర్బో అదనంగా ఇచ్చింది 50 మాత్రమే. వాల్వ్‌కు వెళ్లే ఆదేశం శాతం మాత్రం పెరుగుతూనే ఉంది. అంటే కంప్యూటర్ అడుగుతూనే ఉంది, మాట టర్బో దాకా చేరడం లేదు. స్కానర్ పని అక్కడితో అయిపోయింది.

మర్నాడు ఇంజిన్ చల్లగా ఉండగా యాక్చుయేటర్ దగ్గరి పైపు ఊడదీసి పంపు తగిలించాను. నొక్కుతుంటే యాక్చుయేటర్ కడ్డీ ఎక్కడా పట్టేయకుండా చివరిదాకా కదిలింది. ముల్లు 500 మిల్లీమీటర్ల (పాదరసం కొలతలో) దగ్గర నిలిచింది. అయిదు నిమిషాలు చూశాను, కదలలేదు. వదిలితే కడ్డీ అంతే నునుపుగా వెనక్కి వచ్చింది. అంటే యాక్చుయేటర్ లోపలి పలుచటి పొర, డయాఫ్రమ్, చిరగలేదు, రెక్కలు మసితో బిగుసుకుపోలేదు.

తర్వాత సోలెనాయిడ్ నుంచి యాక్చుయేటర్‌కు వచ్చే సన్నటి రబ్బరు పైపు వంతు. ఒక కొస మూసి, రెండో కొసకు పంపు పెట్టాను. పది అంకెలు లెక్కపెట్టేలోగా ముల్లు 500 నుంచి 300కి దిగింది. పైపు పొడవునా బొటనవేలు జరుపుతూ, అడుగడుగునా నొక్కి చూస్తూ వెళ్లాను. ఒక ఇనుప బ్రాకెట్ మీద ఒరుసుకునే చోట వేలు పెట్టగానే ముల్లు టక్కున ఆగింది. వేలు తీస్తే మళ్లీ దిగింది. పైపును వంచి చూస్తే వెంట్రుక మందాన చీలిక, తిన్నగా ఉంచితే కంటికి కనిపించదు. కొత్త పైపు వేసి, బ్రాకెట్‌కు తగలకుండా కట్టాను. అదే ఎత్తు మీద స్కానర్ గ్రాఫులో కోరిన ఒత్తిడి, వచ్చిన ఒత్తిడి గీతలు రెండూ కలిసి నడిచాయి. ఆ కోడ్ మళ్లీ రాలేదు.

ఆ ఆనందంలో చాలా రోజులు ఈ పంపు ఎప్పుడూ తప్పు చెప్పదని అందరికీ చెప్పాను. అది పూర్తిగా నిజం కాదు. రెండేళ్ల క్రితం ఒక స్నేహితుడి కారులో యాక్చుయేటర్‌కు పెడితే ముల్లు మెల్లగా జారింది. డయాఫ్రమ్ పోయిందని తేల్చేసి కొత్తది తెప్పించాము. బిగించే ముందు దానికీ పెట్టి చూస్తే అంతే జారింది! లీకు పంపులోనే ఉంది, లోపలి రబ్బరు సీలు ఎండిపోయింది. సిలికాన్ గ్రీజు రాశాక సర్దుకుంది కానీ, ఆ స్నేహితుడికి నేను చేయించిన ఖర్చు నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. అప్పటినుంచి ముందు పంపు మూతికి వేలు అడ్డం పెట్టి, ముల్లు నిలబడితేనే కారు జోలికి వెళ్తున్నాను.

ఇంకొక లోటు, ఈ పరీక్ష చల్లటి ఇంజిన్ మీద చేసేది. వేడెక్కాకే బిగుసుకునే రెక్కలను ఇది పట్టలేదు. సోలెనాయిడ్ విషయంలోనూ సగం సాయమే, దాని తీగచుట్ట (కాయిల్) నిరోధాన్ని మల్టీమీటర్‌తో విడిగా చూసుకోవాల్సిందే.

వాక్యూమ్ యాక్చుయేటర్ ఉన్న కారు కాబట్టి నాకు ఇది ఇంతగా పనికొచ్చింది. ఎలక్ట్రిక్ మోటారుతో కదిలే యాక్చుయేటర్ అయితే దీనికి అక్కడ పనే లేదు. చాలా పెట్రోలు టర్బోలలో వేస్ట్‌గేట్ (ఎక్కువైన పొగను పక్కకు వదిలే తలుపు) ఒత్తిడితో తెరుచుకుంటుంది, వాటికి గాలి నెట్టే పంపు కావాలి. పైగా సెలవు రోజు ఉదయం పైపు వెంట వేలు జరుపుకుంటూ కూర్చునే తీరిక నాకుంది. బండి రోజూ రోడ్డు మీద ఉంటేనే గడిచేవారికి అంత వ్యవధి దొరకకపోవచ్చు.