కాపీరైట్ గడువు: అడిగి పొడిగించుకోవడం మేలా, అడగకుండానే సాగిపోవడం మేలా?

ఒక రచన మీద హక్కు ఎన్నాళ్లుండాలన్న ప్రశ్నకు చట్టాలు ఇప్పటివరకు ప్రధానంగా రెండు రకాల జవాబులు చెప్పాయి. ప్రచురించిన నాటి నుంచి ఇన్నేళ్లని గడువు పెట్టి, ఇంకా కావాలనుకున్నవారు దరఖాస్తు చేసి పొడిగించుకోవచ్చనడం మొదటిది. రచయిత జీవించినంత కాలమూ, మరణించాక మరికొన్నేళ్లూ హక్కు దానంతటదే సాగుతుందనడం రెండోది. నేడు దాదాపు అన్ని దేశాలూ రెండో పద్ధతిలోనే ఉన్నాయి కనుక వాదోపవాదాలన్నీ 50 ఏళ్లా, 60 ఏళ్లా, 70 ఏళ్లా అన్న అంకె చుట్టూ తిరుగుతున్నాయి. అంకె కన్నా పద్ధతే అసలు విషయమని నా అభిప్రాయం.

మొదటి పద్ధతికి మూలం 1710లో బ్రిటన్‌లో అమలులోకి వచ్చిన చట్టం. అది కొత్త పుస్తకానికి 14 ఏళ్ల హక్కు ఇచ్చి, ఆ గడువు తీరేనాటికి రచయిత సజీవంగా ఉంటే మరో 14 ఏళ్లు ఇచ్చింది. విద్యకు ప్రోత్సాహం కలిగించడమే తన ఉద్దేశమని ఆ చట్టం తన పేరులోనే చెప్పుకుంది. అయినా పుస్తక వ్యాపారులు తమ హక్కు శాశ్వతమని చాలాకాలం వాదించారు. 1774లో బ్రిటిష్ పార్లమెంటు ఎగువసభ అయిన ప్రభువుల సభ ఆ వాదాన్ని తోసిపుచ్చడంతో శాశ్వత హక్కు ముచ్చట అక్కడితో తీరింది. అమెరికా 1790లో ఇదే నమూనాను స్వీకరించి, 1831లో 28 ఏళ్లకు తోడు 14 ఏళ్లుగా, 1909లో 28 ఏళ్లకు తోడు 28 ఏళ్లుగా పెంచింది.

ఈ పద్ధతి గుణం ఆ రెండో విడతలోనే ఉంది. అమెరికా కాపీరైట్ కార్యాలయం 1950ల చివరి రికార్డులను పరిశీలించినప్పుడు, నమోదైన హక్కులలో పొడిగింపు కోరినవి 15 శాతం కూడా లేవని తేలింది. తక్కిన 85 శాతానికి పైగా రచనలు ఎవరి అనుమతీ అక్కరలేకుండా ప్రజల సొత్తయ్యాయి. హక్కు నిజంగా అవసరమైనవారు అడిగి తీసుకున్నారు, అవసరం లేనివారు వదిలేశారు. ఎవరికి ఎంత అవసరమో చట్టం ఊహించవలసిన పని తప్పింది. దోషం లేదని కాదు. గడువు తేదీ మరచిపోయినందుకు, కాగితం సరిగా నింపనందుకు హక్కు మొత్తంగా పోయేది. అది రచయితకు అన్యాయమే. పైగా ఒక్కో దేశంలో ఒక్కో నమోదు విధానం ఉంటే, పరదేశంలో తన పుస్తకాన్ని కాపాడుకోవడం సామాన్య రచయితకు సాధ్యమయ్యేది కాదు.

ఆ ఇబ్బందిని తొలగించడానికే 1886 నాటి అంతర్జాతీయ కాపీరైట్ ఒప్పందమైన బెర్న్ ఒప్పందాన్ని 1908లో బెర్లిన్‌లో సవరించి, నమోదు వంటి లాంఛనాలు లేకుండానే హక్కు లభించాలని నిర్ణయించారు. మరణానంతరం 50 ఏళ్లన్న కొలతను కూడా అప్పుడే ముందుకు తెచ్చారు. 1948లో బ్రసెల్స్‌లో దానిని తప్పనిసరి కనిష్ఠ గడువు చేశారు. రచయితతో పాటు ఆయన తర్వాతి రెండు తరాలకు కూడా ఆ రాబడి అందాలన్నది దీని వెనుక ఉన్న తర్కం. ఒక రచయిత ఒక్కరే రాసినవన్నీ ఒకే సంవత్సరాంతంలో విముక్తమవుతాయి కనుక లెక్క చూసుకోవడం కూడా సులువు.

అయితే మరణాన్ని కొలబద్దగా పెట్టుకుంటే రచనల మధ్య వింత తేడాలు పుడతాయి. మరణానంతరం 70 ఏళ్లన్న లెక్కలో, ఇరవయ్యో ఏట పుస్తకం రాసి ఎనభయ్యో ఏట కన్నుమూసిన వ్యక్తి తొలి రచనకు 130 ఏళ్ల రక్షణ దక్కుతుంది. అదే వ్యక్తి పరిణతి చెంది డెబ్బై తొమ్మిదో ఏట రాసిన దానికి 71 ఏళ్లే. పసిబిడ్డలను వదిలి ముప్పయ్యో ఏట మరణించిన రచయిత పుస్తకాలకు కూడా మొత్తం రక్షణ కాలం తక్కువే. ఈ లోపాన్ని 1842లోనే మెకాలే బ్రిటిష్ పార్లమెంటులో ఎత్తిచూపాడు. ఆ ఏటి చట్టం చివరకు ప్రచురణ నుంచి 42 ఏళ్లు, లేదా మరణానంతరం 7 ఏళ్లు, వీటిలో ఏది ఎక్కువైతే అది అని తేల్చింది. నాకు ఇప్పటికీ అది తెలివైన కూర్పుగానే కనిపిస్తుంది.

ఇక అంకెల సంగతి. రవీంద్రనాథ్ టాగోర్ రచనల గడువు 1991తో తీరిపోతున్నందున భారతదేశం 50 ఏళ్లను 60 చేసింది. మనుషుల ఆయుర్దాయం పెరిగినందున 50 ఏళ్లు రెండు తరాలకు చాలడం లేదంటూ ఐరోపా సమాజం (నేటి ఐరోపా సమాఖ్య) 1993లో 70 ఏళ్లను ఆదేశించింది. అమెరికా 1998లో అదే బాట పట్టి, సంస్థల కోసం చేసిన రచనలకు ప్రచురణ నుంచి 95 ఏళ్లు ఇచ్చింది. ఈ పెంపులు అప్పటికే ఉన్న రచనలకు కూడా వర్తించాయి. గతించిన రచయితను చట్టం ఎంత ప్రోత్సహించినా ఆయన మరో పుటైనా రాయలేడు. కొత్త రచయితకు కలిగే ప్రోత్సాహం కూడా నామమాత్రమే. నూరేళ్ల తర్వాత చేతికి వచ్చే వెయ్యి నాణేల నేటి విలువ, 7 శాతం వడ్డీ లెక్కన, ఒక నాణేన్ని కొంచెం మించుతుందంతే. అమెరికా పెంపును సుప్రీంకోర్టులో సవాలు చేసినప్పుడు, ఐదుగురు నోబెల్ గ్రహీతలతో సహా 17 మంది ఆర్థికవేత్తలు ఈ తరహా లెక్కనే కోర్టు ముందు ఉంచారు. 2003లో కోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది కానీ, అది శాసనసభకు ఆ అధికారం ఉందన్న తీర్పే తప్ప పెంపు మంచిదన్న తీర్పు కాదు.

నష్టం మాత్రం నామమాత్రం కాదు. మరణించి అరవై ఏళ్లు దాటాక హక్కు మనవలు, మునిమనవల మధ్య ముక్కలై ఉంటుంది. ఒక్కరి ఆచూకీ దొరకకపోయినా పునర్ముద్రణ నిలిచిపోతుంది. హక్కుదారు ఎవరో తెలియని ఇలాంటి అనాథ రచనల కోసం ఐరోపా 2012లో ప్రత్యేక ఆదేశం తేవలసి వచ్చింది.

కాబట్టి మరణానంతరం 50 ఏళ్ల వరకు హక్కు అడగకుండానే సాగాలని, ఆపై కాలం నమోదు చేసుకున్నవారికి మాత్రమే దక్కాలని నేను భావిస్తాను. మొదటి పద్ధతిని పూర్తిగా వెనక్కి తేవడానికి బెర్న్ ఒప్పందం అడ్డు. అయితే ఆ ఒప్పందపు కనిష్ఠ గడువు 50 ఏళ్లే కనుక ఈ కలయికకు చోటుంది. అమెరికా కాపీరైట్ కార్యాలయాధిపతే 2013లో చివరి 20 ఏళ్ల విషయంలో ఇలాంటి సూచన చేశారు. వారసులకు ఇది భారమన్న అభ్యంతరం ఉంది. రాబడి తెచ్చిపెడుతున్న పుస్తకం కోసం అరవై డెబ్బై ఏళ్లలో ఒక్కసారి దరఖాస్తు పెట్టడం మోయలేని భారమేమీ కాదు. 70 ఏళ్లు ఇచ్చేసిన దేశాలకు వెనక్కి తగ్గడం కష్టం, ఎందుకంటే ఒకసారి ఇచ్చిన గడువును హక్కుదారులు ఆస్తిగానే లెక్కిస్తారు. 50 దగ్గర ఆగి, పెంచమన్న ఒత్తిడిని ఎదుర్కొంటున్న దేశాలకు మాత్రం ఈ మార్గం ఇంకా తెరిచే ఉంది.