మదర్‌బోర్డు మార్చమన్నారా? ముందు ఈ యూఎస్‌బీ సౌండ్ కార్డు పెట్టి చూడండి

డెస్క్‌టాప్‌లో సౌండ్ రావట్లేదని ఎవరు ఫోన్ చేసినా ఇప్పుడు నేను మొదట చెప్పేది ఒకటే, ఒక యూఎస్‌బీ సౌండ్ కార్డు కొనండి. బ్రాండ్ పట్టింపు లేకపోతే రెండు వందల నుంచి నాలుగు వందల లోపు దొరుకుతుంది. పెన్‌డ్రైవ్ అంత ఉంటుంది, యూఎస్‌బీ పోర్టులో పెడితే బోర్డు మీది ఆడియో బదులు ఇదే సౌండ్ ఇస్తుంది, స్పీకర్లకి ఆకుపచ్చ జాక్, మైక్‌కి గులాబీ జాక్, అంతే.

నేను తీసుకున్నది ఖమ్మంలో మా బావగారి కంప్యూటర్ కోసం. మేనకోడలు దాంట్లోనే ఆన్‌లైన్ కోచింగ్ క్లాసులు వింటుంది, సౌండ్ పోయేసరికి ఇంటిల్లిపాదికీ టెన్షన్. రిపేరు షాపులో చూపిస్తే ఆడియో చిప్ పోయింది, మదర్‌బోర్డు మార్చాలి అన్నారట. పాత బోర్డు కదా, ఆ ప్రాసెసర్ సాకెట్‌ది కొత్తది దొరకడం కష్టం, వేరే బోర్డు వేస్తే దానికి తగ్గ ప్రాసెసర్, ర్యామ్ కూడా కొనాలి, అంటే వేలల్లో ఖర్చు. చిప్ పోయిన మాట నిజమేనని నేనూ చూశాక తేలింది, దాని మీద నాకు పేచీ లేదు. సౌండ్ ఒక్కటి పోతే మొత్తం బోర్డు మార్చమని, మూడు వందల్లో అయ్యే దారి గురించి ఒక్క మాట కూడా చెప్పకపోవడమే నాకు నచ్చలేదు.

దీనికి డ్రైవర్ (పరికరాన్ని కంప్యూటర్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్) వెతుక్కునే పని లేదు. యూఎస్‌బీ ఆడియోకి ఒక ఉమ్మడి ప్రమాణం ఉంది, దాని ప్రకారం చేసిన పరికరాలకి కావాల్సిన డ్రైవర్ విండోస్‌లోనే ఉంటుంది, విండోస్ బదులు వాడే లినక్స్‌లోనూ ఉంటుంది. పెట్టగానే డివైస్ మేనేజర్‌లో (కంప్యూటర్‌లోని పరికరాల లిస్టు చూపే విండోస్ ప్రోగ్రామ్) 'యూఎస్‌బీ పీఎన్‌పీ సౌండ్ డివైస్' లాంటి పేరుతో కనిపిస్తుంది. ఖరీదైన కార్డుల్లో వాడే యూఎస్‌బీ ఆడియో 2.0కి మాత్రం విండోస్‌లో సొంత డ్రైవర్ వచ్చింది 2017లో, విండోస్ 10 వెర్షన్ 1703తో. కాబట్టి ఇంకా విండోస్ 7 నడుపుతున్నవాళ్లకి ఈ మామూలు కార్డే సుఖం.

అసలు నాకు ఇది ఇంతగా నచ్చింది సౌండ్ ఇచ్చినందుకే కాదు, జబ్బు ఎక్కడుందో చెప్పేస్తుంది. కార్డు పెట్టి, సెట్టింగ్స్‌లో సౌండ్‌కి వెళ్లి అవుట్‌పుట్‌గా దాన్నే ఎంచుకోండి. అప్పుడు కూడా సౌండ్ రాకపోతే బోర్డు జోలికి వెళ్లక్కర్లేదు, స్పీకర్లు, వైరు, వాల్యూమ్ మిక్సర్‌లో మ్యూట్, 'విండోస్ ఆడియో' సర్వీస్ ఆగిపోవడం, వీటిలో ఏదో ఒకటి అయ్యుంటుంది. సౌండ్ వచ్చిందంటే మాత్రం తేడా బోర్డు మీది ఆడియోలోనో, దాని డ్రైవర్‌లోనో, అవుట్‌పుట్ సెట్టింగ్‌లోనో ఉన్నట్టు. ఇక్కడ కూడా చిప్ పోయిందని వెంటనే అనుకోకండి, చాలాసార్లు హెచ్‌డీఎంఐ మానిటర్ డిఫాల్ట్ అయిపోయి, స్పీకర్లు లేని ఆ మానిటర్‌కే సౌండ్ వెళ్తూ ఉంటుంది, ముఖ్యంగా గ్రాఫిక్స్ డ్రైవర్ కొత్తగా వేశాక. అది కాదనుకుంటే డివైస్ మేనేజర్‌లో రియల్‌టెక్ (బోర్డు మీది ఆడియో చిప్ కంపెనీ పేరు) ఎంట్రీ మీద రైట్ క్లిక్ చేసి, డ్రైవర్‌ని కూడా తీసేయమని టిక్ పెట్టి అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేయండి. చాలా సిస్టమ్‌లలో విండోస్ తన దగ్గరున్న 'హై డెఫినిషన్ ఆడియో డివైస్' డ్రైవర్ వేసుకుంటుంది, మామూలుగా వినడానికి అది సరిపోతుంది. కంపెనీ డ్రైవరే కావాలంటే విండోస్‌లోనే ఉండే ఎంఎస్ఇన్ఫో32 (msinfo32) అనే ప్రోగ్రామ్ తెరిస్తే బోర్డు మోడల్ తెలుస్తుంది, ఆ మోడల్ సపోర్ట్ పేజీ నుంచే దించుకోండి. అన్ని డ్రైవర్లూ ఒక్క క్లిక్‌తో అప్‌డేట్ చేస్తామనే సాఫ్ట్‌వేర్లకి డబ్బు కట్టకండి, దయచేసి.

బావగారి కంప్యూటర్‌లో ఇవేవీ పనిచేయలేదు. బయోస్‌లో (విండోస్ మొదలవకముందే తెరుచుకునే బోర్డు సెట్టింగ్స్) హెచ్‌డీ ఆడియో ఆన్‌లోనే ఉంది, అయినా లిస్టులో రియల్‌టెక్ ఊసే లేదు. లినక్స్‌లో ఒక రకమైన లినక్స్ మింట్‌ని పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి చూస్తే అక్కడా లేదు. విండోస్ ప్రమేయమే లేనిచోట కూడా కనబడకపోతే ఇక అది చిప్ సంగతే అని వదిలేసి, ఈ కార్డునే శాశ్వతంగా పెట్టేశాం. క్లాసులు స్పష్టంగా వినిపిస్తున్నాయి.

లోపాలు కూడా చెప్పాలి. అట్ట మీద '7.1', అంటే చుట్టూ ఎనిమిది స్పీకర్ల సౌండ్, అని పెద్దగా ఉంటుంది, నమ్మకండి, ఉన్నది ఒక్క స్టీరియో జాక్. మైక్ మోనో, కాల్స్‌కి బాగానే ఉంది గానీ పాటలు రికార్డ్ చేసుకునేవాళ్లకి పనికిరాదు. వాల్యూమ్ బాగా పెంచితే సన్నగా 'సుయ్' మని వినిపిస్తుంది, క్యాబినెట్ ముందున్న పోర్టు నుంచి తీసి వెనక, బోర్డు మీదే ఉన్న పోర్టులో పెడితే చాలా తగ్గింది. స్పీకర్లలో 'గుయ్' మని లావుగా మోగుతుంటే అది వేరు, ఇంట్లో ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌కి చూపించండి, చాలా ఇళ్లలో మూడు పిన్నుల సాకెట్ ఉంటుంది గానీ ఎర్త్ వైరు ఉండదు.

ఇంకో ముఖ్యమైన విషయం. ఫోన్ ఇయర్‌ఫోన్స్ పిన్ను మీద మూడు గీతలుంటాయి, మైకూ స్పీకరూ ఒకే పిన్నులో అన్నమాట. అవి రెండు జాక్‌లున్న ఈ కార్డులో పెడితే పాట వస్తుంది, మైక్ పనిచేయదు. వాటికి స్ప్లిటర్ వైరు విడిగా కొనాలి, లేదా రెండూ కలిసిన ఒకే జాక్ ఉన్న మోడల్ తీసుకోవాలి. కొనేముందు మీ దగ్గరున్న హెడ్‌సెట్ పిన్ను ఒకసారి చూసుకోండి. అలాగే కర్రలా నిటారుగా ఉండే రకం కాకుండా జానెడు వైరుతో వచ్చేది తీసుకోండి, క్యాబినెట్‌ని గోడకి జరిపినా కార్డు విరగదు, పక్క పోర్టుకీ అడ్డం రాదు.