రెసిడెంట్ ఈవిల్ 2 రీమేక్: కెమెరా ఎన్నిసార్లు మారినా ఫర్వాలేదు, సంచి మాత్రం ఇరుకుగానే ఉండాలి

జాంబీలతో నిండిన ఈ వీడియో గేమ్‌లో మీరు ఆడే పాత్ర లియాన్ సంచిలో మొదట ఉండేవి ఎనిమిదే గళ్లు. పిస్తోలుకొకటి, తూటాలకొకటి, కత్తికొకటి, గాయం మానడానికి పచ్చ మూలికకొకటి. మిగతా నాలుగింట్లోనే తాళంచెవి, పతకం, గన్‌పౌడర్, దారిలో దొరికే ఇంకేదైనా సర్దుకోవాలి. పిస్తోలుకి స్టాక్ (భుజానికి ఆనించే వెనక భాగం) బిగిస్తే మూడేసి తూటాలు వరసగా పేలతాయి గానీ, అది రెండు గళ్లు తినేస్తుంది. ఏది మోసుకెళ్లాలి, ఏది సామాన్లు దాచే పెట్టెలో వదలాలి, ఏ దారిన తిరిగి రావాలి అన్న లెక్కే ఈ ఆటకి ప్రాణం.

ఫార్ములా మార్చాలా వద్దా అని ఈ సిరీస్ అభిమానులు ఎప్పుడూ వాదించుకునేది కెమెరా గురించే. 1996లో గది మూలల్లో కదలకుండా ఉండే కెమెరా, 2005లో నాలుగో భాగానికి భుజం వెనక్కి వచ్చింది, 2017లో ఏడో భాగానికి నేరుగా హీరో కళ్లలోకి వెళ్లింది. మూడు పద్ధతుల్లోనూ మంచి ఆటలే వచ్చాయి. గాడి తప్పింది 2012లో ఆరో భాగం దగ్గర. అక్కడ తూటాలు అయిపోయినా తన్నులతో, గుద్దులతో నెట్టుకురావచ్చు. వెనక్కి వెళ్లి తెరవాల్సిన తలుపులు దాదాపు లేవు, పరుగంతా ముందుకే. భయం ఎక్కడి నుంచి వస్తుంది? 1998 నాటి రెండో భాగాన్ని తయారీ సంస్థ క్యాప్‌కామ్ 2019 జనవరిలో మళ్లీ కట్టినప్పుడు కెమెరాని భుజం వెనకే ఉంచింది, కొరతని మాత్రం తిరిగి తెచ్చింది. ఏది మార్చవచ్చో, ఏది ముట్టుకోకూడదో ఇంత స్పష్టంగా తెలిసి చేసిన రీమేక్ మరొకటి దొరకడం కష్టం.

ఆట మొదట్లో మీరు తిరిగే పోలీస్ స్టేషన్‌నే చూడండి. పడమర వైపు కింది అంతస్తు వరండాల్లో కిటికీలు ఉంటాయి. వాటిని వదిలేస్తే జాంబీలు లోపలికి వస్తూనే ఉంటాయి. చెక్క పలకలు దొరుకుతాయి గానీ అన్ని కిటికీలకీ చాలవు. మీరు ఎక్కువసార్లు తిరిగే దారి ఏదో చూసుకుని అక్కడే కొట్టాలి. ఒక్కో జాంబీ తలకి నాలుగైదు తూటాలు తగిలినా మళ్లీ లేవచ్చు. అందుకే అన్నింటినీ చంపాలని చూస్తే తూటాలు మిగలవు. మోకాలి మీద కాల్చి పడగొట్టి పక్కనుంచి దాటిపోవడం చౌక. గురి పెట్టాక అర క్షణం కదలకుండా ఆగండి, గురి గుర్తు దగ్గరపడ్డాక కాలిస్తే దెబ్బ గట్టిగా తగులుతుంది. లికర్లు అనే వికృత జీవులకి కళ్లు లేవు, చెవులే. అవి ఉన్న వరండాలో పరుగెత్తకుండా నెమ్మదిగా నడవండి.

మ్యాపులో ఎర్రగా ఉన్న గదిలో ఇంకా ఏదో మిగిలుంది, నీలమైతే ఖాళీ. తాళంచెవికి ఎర్ర టిక్కు పడితే దాని పని అయిపోయినట్టే, పారేసి గడి ఖాళీ చేసుకోండి. వెస్ట్ ఆఫీస్ సేఫ్ నంబరు ఎడమకి 9, కుడికి 15, ఎడమకి 7. అందులో నడుముకి కట్టుకునే సంచి ఉంటుంది, రెండు గళ్లు పెరుగుతాయి. ముందు దీని కోసమే వెళ్లండి. మామూలు గన్‌పౌడర్ రెండు కలిపితే పిస్తోలు తూటాలు వస్తాయి. మామూలుదీ పసుపుదీ కలిపితే లియాన్‌కి షాట్‌గన్ గుళ్లు.

ఇదంతా అలవాటై స్టేషన్ మీ చేతిలోకి వచ్చిందనుకునే సరికి, కూలిన హెలికాప్టర్‌ని పక్కకి తోసి, మిమ్మల్ని వెంటాడే భారీ రాక్షసుడు మిస్టర్ ఎక్స్ దిగుతాడు. చావడు, కాసేపు మోకాళ్ల మీద కూలబడతాడంతే. తుపాకి మోగితే చాలు, ఆ చప్పుడుని బట్టే వచ్చేస్తాడు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే అడుగులు పైఅంతస్తులోనా పక్క గదిలోనా తెలిసిపోతుంది. స్పీకర్లలో ఆడితే ఈ ఆటలో సగం పోయినట్టే.

లోపాలూ ఉన్నాయి, చిన్నవేం కావు. 1998 ఆటలో మొదటి పాత్రతో మీరు తీసుకున్న కొన్ని వస్తువులు రెండో పాత్రకి మిగిలేవి కావు. రీమేక్‌లో ఆ ముడి తెగిపోయింది. రెండో పాత్ర క్లెయిర్‌గా మళ్లీ ఆడితే చాలా వరకు అవే పజిల్స్. ఇద్దరి కథలూ ఒకే రాత్రి జరిగాయంటే నమ్మబుద్ధి కాదు. మురుగుకాల్వ భాగం కూడా స్టేషన్ ముందు తేలిపోతుంది. విషం ఎక్కించే జీవులుంటాయి కాబట్టి నీలం మూలిక ఒకటి వెంట ఉంచుకోండి.

బెంగళూరులో సెకండ్‌హ్యాండ్ డిస్కు కొనేవాళ్లకి ఒక మాట. పీఎస్4 డిస్కు ఉంటే 2022లో వచ్చిన పీఎస్5 వెర్షన్ ఉచితం, కానీ డిస్కు డ్రైవ్ ఉన్న పీఎస్5లోనే. డిస్కు డ్రైవ్ లేని డిజిటల్ ఎడిషన్ ఉన్నవాళ్లు డిస్కు కొంటే డబ్బులు దండగ. మారతహళ్లి పీజీల్లో పాత గేమింగ్ ల్యాప్‌టాప్ మీద ఆడేవాళ్లు పీసీ ఆటల స్టోర్ స్టీమ్‌లో ఈ ఆట ప్రాపర్టీస్, బీటాస్‌లోకి వెళ్లి డీఎక్స్11 నాన్ ఆర్‌టీ (dx11_non-rt) అనే పాత వెర్షన్ ఎంచుకోండి. వెలుగునీడల్ని నిజంలా చూపే రే ట్రేసింగ్ అప్‌డేట్ వచ్చాక బరువెక్కిన ఆట దీనితో మళ్లీ తేలికవుతుంది. గ్రాఫిక్స్ కార్డులో 4 జీబీయే ఉంటే టెక్స్చర్లు 1 జీబీ దగ్గర ఆపండి. మెనూలో మెమరీ గీత ఎర్రబడితే ఆట మధ్యలో కుదుపులు తప్పవు.

మొదటిసారి మామూలు స్థాయి స్టాండర్డ్‌లోనే ఆడండి. కష్టమైన స్థాయి హార్డ్‌కోర్‌లో ఆటోసేవ్ లేదు, సేవ్ చేసిన ప్రతిసారీ ఆటలో దొరికే ఇంక్ రిబ్బన్ ఒకటి ఖర్చవుతుంది. డెస్క్‌టాప్‌కి యూపీఎస్ లేనివాళ్లు కరెంటు పోయిందంటే చివరిసారి రిబ్బన్‌తో సేవ్ చేసిన చోటు నుంచి మళ్లీ మొదలుపెట్టాల్సిందే.